మంత్రసాని చేతులు

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మన సామెత. ఇష్టంలేని పని నెత్తిన పడ్డవాళ్ళని వెక్కిరించడానికి దీన్ని వాడతారు. రాజకీయాలు మాట్లాడుకునే మగవాళ్ళకి ఇది మరీ ఇష్టమైన సామెత. వెక్కిరింతని పక్కన పెట్టి చూస్తే, పురిటి గదిలో జరిగే పనిని ఇంత సూటిగా చెప్పిన మాట నాకు ఇంకోటి కనిపించలేదు. నెత్తురు, ఉమ్మనీరు, మలం, బిడ్డ, మాయ. ఏది ఎప్పుడొస్తుందో ముందుగా తెలీదు. వచ్చినదాన్ని అసహ్యించుకోకుండా పట్టాలి, జారిపోకుండా పట్టాలి. మొదటిది దయ, రెండోది నైపుణ్యం. సామెతలో రెండూ ఒకే క్రియలో ఇమిడి ఉన్నాయి. చరిత్ర రచనలో మాత్రం వాటిని విడదీసి నైపుణ్యాన్ని డాక్టరుకీ, దయని నర్సుకీ పంచారు. మంత్రసానికి మైల మిగిల్చారు.

దొరసానిలో ఉన్న 'సాని'యే మంత్రసానిలోనూ ఉంది. మాటలో ఉన్న ఆ మర్యాద మనిషికి దక్కలేదు. మన ఊళ్ళలో ఈ పని చేసింది ఎక్కువగా మంగలి, చాకలి, మాల, మాదిగ కులాల స్త్రీలు. నొప్పులు మొదలవగానే కబురు పెట్టి పిలిపించిన ఇల్లే, పురిటి స్నానం అయ్యాక ఆమెని గడప అవతల నిలబెట్టింది. అంటరానిదని దూరం పెట్టిన చేతినే శరీరంలో అతి రహస్యమైన చోటు తాకనిచ్చింది. ఆ తాకడంలో ఉన్న జ్ఞానానికి విలువ కడితే కులవ్యవస్థ తనకు తానే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అందుకే దాన్ని జ్ఞానమనకుండా 'అలవాటు' అన్నారు.

ఈ విడదీతకి ఎదురు సాక్ష్యం యూరప్ చరిత్రలోనే ఉంది. 1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసాని విద్య నేర్చుకునే స్త్రీలు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో 4010 కాన్పులకు 459 మంది తల్లులు చనిపోయారు. రెండోదాంట్లో 3754 కాన్పులకు 105 మంది. మొదటి విభాగంలో చేర్చవద్దని ఆడవాళ్ళు బతిమాలుకునేవారు. శవపరీక్షల నుంచి నేరుగా వచ్చిన చేతులే జ్వరాన్ని మోసుకొస్తున్నాయని సెమ్మెల్‌వైస్ 1847లో గ్రహించి, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. 1848లో రెండు విభాగాల్లోనూ మరణాలు నూటికి ఒకటి చిల్లరకి వచ్చాయి. మంత్రసానులు ఎక్కువ దయగలవాళ్ళని దీనర్థం కాదు. వాళ్ళ చేతులు శవాల దగ్గర్నుంచి రాలేదు, అంతే. కానీ మురికి చేతుల కథ చెప్పేటప్పుడు ఈ అంకెల్ని ఎవరూ గుర్తు చెయ్యరు.

దయామూర్తిగా మన పాఠ్యపుస్తకాలకెక్కిన ఫ్లారెన్స్ నైటింగేల్ సంగతీ ఇంతే. దీపం పట్టుకున్న బొమ్మ మనందరికీ తెలుసు. 1860లలో ఆమె పేరిట ఉన్న నిధితో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో మంత్రసానులకు శిక్షణ మొదలైంది. పురిటి జ్వరంతో తల్లులు చనిపోతుండటంతో 1867లో దాన్ని మూసేశారు. నైటింగేల్ ఊరుకోలేదు. మరణాల లెక్కలు తెప్పించి, ఇళ్ళలో కంటే ప్రసూతి ఆసుపత్రుల్లోనే తల్లులు ఎక్కువగా చనిపోతున్నారని 1871లో పుస్తకం రాసింది. ఆమె దయ అంకెల పట్టికగా మారింది. మనకి మాత్రం దీపం మిగిల్చి, పట్టిక దాచేశారు.

తెలుగు నేల మీదకి ఆధునిక ప్రసూతి వైద్యం చాలావరకు స్త్రీల ద్వారానే వచ్చింది. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ ఆనా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరు పట్టా ఉన్నా, మొదట ఆమెని వైద్యం కోసం కాక బోధన పనికే పంపారు. ఆమె ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. 1885లో డఫరిన్ నిధి, 1903లో దాయిల శిక్షణ కోసం విక్టోరియా స్మారక నిధి ఏర్పడ్డాయి. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. పేరు నమోదు చేయించుకున్నవాళ్ళకి హోదా దక్కింది. చదువు రాని మంత్రసాని ఆ జాబితా బయటే ఉండిపోయింది. జాబితాలోకి వచ్చినవాళ్ళ సంగతైనా ఏం గొప్ప? పరాయి ఒంటి మైల తాకే ఉద్యోగమని అగ్రకులాలు దూరంగా ఉంటే, తొలి తరాల నర్సులు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల నుంచీ, విధవల నుంచీ వచ్చారు. తెల్లబట్టలు వేసుకున్నా మంత్రసాని మీది చిన్నచూపు వాళ్ళని వదల్లేదు.

పాత మంత్రసానిని దేవతని చెయ్యడం నా ఉద్దేశం కాదు. కొడవలితో బొడ్డు కోసిన ఇళ్ళలో ధనుర్వాతంతో పోయిన పసిబిడ్డలున్నారు. మాయ పడక నెత్తురు పోయి చనిపోయిన తల్లులున్నారు. ఆమెకి వేడినీళ్ళూ, కొత్త బ్లేడూ, సమయానికి బండీ అందించి పక్కన నిలబడే వ్యవస్థ ఉంటే ఎందరో బతికేవారు. ఆ వ్యవస్థ కావలసింది ఏఎన్ఎమ్. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసుతో ఆమెని బహుళార్థ ఆరోగ్య కార్యకర్తని చేశారు. 1977లో ఆమె రెండేళ్ళ చదువుని 18 నెలలకి కుదించారు. పురుడు పొయ్యడం ఆమె పనుల జాబితాలో అడుక్కి వెళ్ళింది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లక్ష్యాలు పైకొచ్చాయి. ఆ లక్ష్యాల్ని ఎత్తేసింది 1996లో. కాన్పు చెయ్యగల చేతుల్ని ఇరవై ఏళ్ళకు పైగా కేసులు తేవడానికి తిప్పారు.

ఇదంతా చదవకముందే నా కాన్పు నాకు కొంత నేర్పింది. ఒక పెద్దాసుపత్రి లేబర్ రూములో, అరిచినందుకు 'అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకమ్మా' అన్న మాట పడ్డాను. ఆ మాటన్న ఆయా వరసగా రెండో డ్యూటీలో ఉంది. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకి యాభై దాటి ఉంటాయి. నా నడుం కింద అరచెయ్యి ఆనించి, నొప్పి వచ్చినప్పుడల్లా 'ఊపిరి వదులు తల్లీ, బిగబట్టకు' అంది. పొట్ట నొక్కలేదు. గడియారం చూసుకుంటూ బిడ్డ గుండె చప్పుడు విని రాసుకునేది. ఒకసారి వింటూ వింటూ ఆగింది. నన్ను ఎడమవైపుకి తిప్పి, గొంతు పెంచకుండా డాక్టర్ని పిలిపించింది. నొప్పి తగ్గాక కూడా చప్పుడు కోలుకోవడం లేదని ఆ చెవి పట్టుకుంది. నన్ను ఓదార్చిన చేతినీ, ప్రమాదాన్ని పసిగట్టిన చెవినీ వేరుచేసి చెప్పమంటే నేను చెప్పలేను. ఆమె నా పక్కన ఉండబట్టే వినగలిగింది. ఆ రాత్రి ఆమె చేతికింద మేం తొమ్మిది మందిమి.

పక్కన ఉండటాన్ని పరిశోధకులు కొలిచారు కూడా. 26 అధ్యయనాల్నీ, 15,858 మంది స్త్రీల అనుభవాల్నీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2017లో వచ్చింది. నొప్పులంతసేపూ ఒక మనిషి తోడున్న స్త్రీలకి సహజ కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పుల కాలమూ కొంత తక్కువ అని తేలింది. గర్భాశయ ద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్నది 1950ల నుంచి వస్తున్న కొలత. తల్లీబిడ్డా బాగున్నప్పుడు ఆ లెక్క ఒక్కదాన్నే పట్టుకుని తొందరపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఓపికగా కనిపెట్టుకుని ఉండటం వైద్యం చెయ్యకపోవడం కాదు, అదీ వైద్యమే. కాకపోతే దానికి బిల్లు వెయ్యడం కష్టం.

ఫలితం మన కళ్ళముందే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20లో దేశమంతటా 97 అయితే, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఇది చిన్న విజయం కాదు. అదే సర్వేలో సిజేరియన్లు దేశంలో నూటికి 21.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రాణం దక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళిన ఆడవాళ్ళలో ఇంతమందికి కోత అవసరమైందంటే నమ్మలేం. 2017లో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టడం, 2018లో కేంద్రం మార్గదర్శకాలివ్వడం, 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం రావడం ఈ లెక్కకి జవాబు వెతకడంలో భాగమే. తొమ్మిది మందికి ఒక మనిషిని పెట్టి, నిర్ణయాధికారం ఇవ్వకుండా, దయగా ఉండమని గోడమీద బోర్డు కడితే మాత్రం అది ఆమె మీద మరో బరువవుతుంది. నర్సు దయకి జీతం, విశ్రాంతి, పక్కన ఇంకో మనిషి కావాలి.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరికి వెళ్ళి వాళ్ళ నోటివెంటే విన్నారు. మన లేబర్ రూములకీ అలాంటి చరిత్ర కావాలి. రిటైరైన నర్సులు, ఏఎన్ఎమ్‌లు, ఊళ్ళలో మిగిలిన చివరి మంత్రసానులు ఇంకా ఉన్నారు. ఎదురుకాళ్ళ బిడ్డని ఎలా తిప్పారో, నెత్తురు ఆగనప్పుడు ఏం చేశారో, ఏ ఇంట్లో గడప బయట నిలబడ్డారో వాళ్ళు చెప్పగలరు. టేప్ రికార్డరు పట్టుకుని వెళ్ళవలసింది మనమే. ఆలస్యం చేసే వీలు లేదు. చాలామందికి డెబ్బై దాటాయి.