నీటి కొలతల లెక్కలు: బొగ్గు గనుల ప్రాంతంలో

పాత్రలో ఎంత పడుతుంది, తొట్టి ఎంతసేపట్లో నిండుతుంది అని అడిగే మాటల లెక్కలు తెలుగువారికి కొత్త కావు. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి లీలావతిలో నాలుగు ధారల లెక్క ఉంది. విడివిడిగా ఒక రోజు, అర రోజు, మూడోవంతు, ఆరోవంతు రోజులో తొట్టిని నింపే ధారలను ఒకేసారి వదిలితే ఎంతసేపు? కాలాలను కూడితే లెక్క తప్పుతుంది. కూడాల్సింది ఒక్కో ధార రోజుకు నింపే తొట్లను: 1, 2, 3, 6, మొత్తం 12. అంటే రోజులో పన్నెండోవంతు, 2 గంటలు.

ఇళ్లలో మాత్రం లెక్క వేరు: 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. అన్నీ సగాలూ పావులే కాబట్టి పలక లేకుండానే నోటితో తేలేవి.

సింగరేణి బొగ్గు గనుల్లో తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. భూగర్భ గనికి బొగ్గు ఎంత నిజమో, ఊట నీరూ అంతే నిజం. తోడకపోతే పని ఆగుతుంది. బ్రిటిష్ కొలతల కాలంలో పంపు శక్తిని నిమిషానికి ఇన్ని గాలన్లని చెప్పేవారు. ఉదాహరణకు సంపులో లక్ష గాలన్ల నీరుంది, పంపు నిమిషానికి 500 గాలన్లు తోడుతుంది. 200 నిమిషాల్లో ఖాళీ కావాలి. కానీ నిమిషానికి 100 గాలన్ల ఊట వచ్చి చేరుతుంటే నికరంగా తగ్గేది 400 మాత్రమే, కాబట్టి 250 నిమిషాలు పడుతుంది. ధారల లెక్కకు ఇది తిరగేసిన రూపం. బడి పిల్లలకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

1956 తూనికలు కొలతల చట్టంతో లీటరు వచ్చింది. సింగరేణి ప్రాంతంలోని గోదావరిఖని గనుల పట్టణంగా ఎదిగింది కూడా ఆ తర్వాతి ఏళ్లలోనే.

ఇప్పుడు జనం నోట టీఎంసీలు వినిపిస్తున్నాయి. రామగుండం దగ్గరి శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం సామర్థ్యం 20.175 టీఎంసీలు. ఘనపుటడుగుకు 28.317 లీటర్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,832 కోట్ల లీటర్లు. తాగునీటి పథకం మిషన్ భగీరథ నగరపాలక సంస్థలకు పెట్టుకున్న లక్ష్యం తలకు రోజుకు 150 లీటర్లు. ఆ లెక్కన రెండున్నర లక్షల జనమున్న నగరానికి రోజుకు 3.75 కోట్ల లీటర్లు కావాలి. అంటే ఒక్క టీఎంసీ 755 రోజులు సరిపోవాలి. ఆవిరయ్యేదీ, పైపుల్లో కారిపోయేదీ తీసేస్తే అంతకంటే తక్కువే.