మరిపెడ చెలకల్లో సీసం: కరగని ఇసుకను లెక్కలోకి తేవాలా?

మట్టిలో భారలోహాల మీద మన దగ్గర వస్తున్న వ్యాసాల్లో నాకు మింగుడుపడనిది ఒకటుంది. పట్టిక నిండా సీసం, క్రోమియం అంకెలుంటాయి. ఆ మట్టిని ఏ ఆమ్లంలో, ఎంత వేడిమీద కరిగించారన్నది మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆపైన ఆ అంకెల్ని తీసుకెళ్లి పటాన్‌చెరు అంకెల పక్కన పెడతారు.

గోవిల్, రెడ్డి, కృష్ణ 2001లో ప్రకటించిన పటాన్‌చెరు అధ్యయనం ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌తో సాగింది. అది ఆమ్లంతో పనిలేని పద్ధతి. రాతిపలుకులో బందీగా ఉన్న లోహాన్నీ, నిన్న ఫ్యాక్టరీ వదిలిన లోహాన్నీ కలిపే చూపిస్తుంది. పారిశ్రామికవాడకు అది సరిపోయిందనే అనుకుందాం. సేద్యపు నేలకూ అదే కొలబద్ద అంటే నేను ఒప్పుకోను.

ఉమ్మడి వరంగల్ జిల్లా మరిపెడ ప్రాంతపు ఎర్రచెలకను అరచేతిలో తడిపి నలిపి చూడండి. ఎర్రమన్ను వేళ్లకు అంటుకుంటుంది. గులాబిరంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు, పలుగురాతి ఇసుక మిగులుతాయి. గ్రానైటు చివికిన నేల ఇది. పొటాష్ ఫెల్డ్‌స్పార్ స్ఫటికంలో పొటాషియం ఉండాల్సిన చోట కొంత సీసం చేరుతుంది. కాబట్టి ఏ పొగగొట్టమూ లేని చెలకలో కూడా సీసం పుట్టుకతోనే ఉంటుంది. ఆక్వారీజియాలో ఎంతసేపు మరగనిచ్చినా ఈ పలుకు అడుగున అలాగే కూర్చుంటుంది. దాన్ని విప్పాలంటే హైడ్రోఫ్లోరికామ్లం కావాలి. పైరు వేరు దగ్గర హైడ్రోఫ్లోరికామ్లం ఉండదు.

నా వాదానికి గట్టి ఆధారం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన రెండు ప్రామాణిక మట్టులు. శాన్‌వాకిన్ లోయ మట్టి 2709లో మొత్తం సీసం కిలోకు 18.9 మి.గ్రా. నత్రికామ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో సాగే 3050 పద్ధతిలో ప్రయోగశాలలు రాబట్టినది మధ్యస్థంగా 13. దాదాపు మూడోవంతు పలుకులోనే ఉండిపోయింది. ఒకప్పుడు సీసం కరిగించే కర్మాగారం నడిచిన ఈస్ట్ హెలెనా దగ్గరి మోంటానా మట్టి 2711లో మొత్తం 1162 అయితే, అదే పద్ధతిలో 1100 బయటికొచ్చింది. మనిషి చేర్చిన లోహం బంకమట్టికీ ఇనుప ఆక్సైడ్లకూ అంటుకుని ఉంటుంది, ఆమ్లం తగలగానే విడిపోతుంది. రాయి దాచుకున్నది విడవదు. ఆమ్లం ఇలా వేరుచేయడాన్ని లోపమంటున్నారు. నా దృష్టిలో ఈ పద్ధతిలో పనికొచ్చే గుణం అదే. ఆ పద్ధతిని వివరించే 3050బి పత్రం కూడా తాను సంపూర్ణంగా కరిగించే పద్ధతి కాదని ముందే చెప్పుకుంది.

శాన్‌వాకిన్ మట్టి మన చెలక కాదు, నిజమే. అయినా ఊరు మారితే సిలికేటు గుణం మారదు. మరిపెడలో పత్తికి, మిరపకు వేసే డీఏపీ వెంట వచ్చే కాడ్మియం, కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీలోని రాగి, జింక్ సల్ఫేటు, ఇవన్నీ పైనుంచి చేరినవే. వీటిని పట్టడానికి, 3050 లాగే సిలికేటును విప్పని ఆక్వారీజియా చాలు. మరిపెడకే కాదు, తెలంగాణ గ్రానైటు చెలకలన్నిటికీ ఇదే తగిన పద్ధతి.

ఈ పద్ధతిని రేగడి నేలకు వాడితే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అందులో సున్నపుగుళ్లు ఉంటాయి. ఆమ్లం ఒక్కసారిగా పోస్తే నురగ పొంగి మట్టి గొట్టం దాటుతుంది, అక్కడితో ఆ నమూనా పోయినట్టే. చుక్కచుక్కగా పోసి, నురగ అణిగాకే వేడిమీద పెట్టాలి. మూసిన మైక్రోవేవ్ గొట్టాల్లోనైతే లేచే బొగ్గుపులుసు వాయువు పీడనాన్ని పెంచుతుంది, కనుక అణిగేదాకా మూత బిగించకూడదు.

సీసంలాగే క్రోమియంలోనూ రాయి దాచుకున్నది ఆమ్లానికి అందదు: 2709లో మొత్తం 130 ఉంటే చేతికందినది 79.

2015లో వచ్చిన మట్టి ఆరోగ్య కార్డులో 12 అంశాలున్నాయి, సీసం కాడ్మియాలు అందులో లేవు. రేపు వాటిని చేర్చేటప్పుడు పద్ధతి పేరునూ అంకె పక్కనే అచ్చువేయాలి. పత్రికా సంపాదకులకూ నా విన్నపం ఇదే: ఏ ఆమ్లం, ఎంత వేడి, ఎంతసేపు అన్నవి లేని లోహాల పట్టికను రచయితకు తిప్పిపంపండి.