మేడ్చల్ ద్రాక్షతోటలు

ద్రాక్షాపాకమను మాట మనకు పాతది, ద్రాక్షతోట క్రొత్తది. నోటబెట్టగనే రసము స్రవించు పండువలె, చదివినతోడనే అర్థము తెలియు కవిత్వమును మన పెద్దలు ద్రాక్షాపాకమనిరి. అరటిపండునకు తొక్క తీయవలెను, టెంకాయను పగులగొట్టవలెను, ద్రాక్షకు ఏ శ్రమయు లేదు. ఈ మూడు పాకములను తరతరములుగా వల్లించిన తెలుగువారిలో, తీగెకు వ్రేలాడు గుత్తిని కన్నులార చూచినవారు చాలకాలము వఱకు మిక్కిలి అరుదు. తినువానికి శ్రమలేని ఆ పండు వెనుక పండించువాని శ్రమ ఎంతయున్నదో, పాఠము చెప్పు మావంటివారికిని తెలియకపోయెను.

ఆ కొఱత తీర్చుకొనుటకై గడచిన మాఘమాసమున నా విద్యార్థులను వెంటబెట్టుకొని మేడ్చల్ సమీపమున నొక తోటకు పోతిని. హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు బాటపై మేడ్చల్, కరీంనగరు బాటపై శామీర్‌పేట ఉన్నవి. ఈ రెండు ఊళ్ల పరిసరముల ఎఱ్ఱచల్క నేలలు ఒకప్పుడు ద్రాక్షకు పేరుపడినవి. రాతి కడీలు వరుసగా పాతి, వానిపై ఇనుప తీగెలు అల్లి, ఆ పందిరిమీదికి ద్రాక్షతీగెలను ప్రాకించిరి. బయట ఎండ చుఱుక్కుమనుచున్నను లోపల చల్లగా నుండెను. తలయెత్తినచోటనెల్ల గుత్తులే. ఎప్పుడును నోరు మూయని పిల్లలు కొంతసేపు మాటలాడలేదు.

సంస్కృతమున ద్రాక్షకు మృద్వీకయని మఱియొక పేరు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ద్రాక్షరసముతో చేసిన పానీయమును మధువని పేర్కొని, అది పుట్టిన దేశమునుబట్టి కాపిశాయనమనియు, హారహూరకమనియు పేళ్లు వచ్చినవని తెలిపినాడు. కాపిశి నేటి ఆఫ్ఘనిస్థానములోనిది. కాపిశాయన శబ్దమును సాధించుటకు పాణిని ఒక సూత్రమునే రచించెను. పండు గుణమును దాని నేల పేరే చెప్పుననెడి ఈ తలంపును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు పనియున్నది.

దక్కనులో ద్రాక్ష 14వ శతాబ్దినాటికే కలదు. దౌలతాబాదున ద్రాక్ష ఏట రెండు కాపులు కాయుచున్నదని ఇబన్ బతూతా వ్రాసెను. హైదరాబాదు ప్రాంతమున తోటలు నిజాముల కాలమున వెలసినవి. ఇచ్చట ప్రసిద్ధికెక్కిన అనాబె షాహి రకమునకు రాజద్రాక్షయని అర్థము. పొడుగాటి తెల్లని పండు, లోపల గింజ. చలిదేశములలో ద్రాక్షతీగె శీతకాలమంతయు ఆకు రాల్చి నిద్రించి, వసంతమున మేల్కొనును. మనకు అట్టి చలి లేదు. కావున మన రైతు కత్తెరతోనే ఋతువులను కల్పించెను. ఏప్రిలులో ఒక కత్తిరింపు కొమ్మకొఱకు. అక్టోబరులో మఱియొకటి కాపుకొఱకు. ఈ నేర్పువలననే హెక్టారునకు 20 టన్నులకు మించిన దిగుబడి మనవారికి సాధ్యమైనది. దీనిని అదృష్టమనుట రైతును అవమానించుటయే.

తోట మూలన నీలిమరకలు పట్టిన పీపా యొకటి కనబడెను. అదేమని అడుగగా రైతు "బోర్డో కలిపే పీపా సారూ" అనెను. బోర్డో అనగా నేమి? "మందు పేరే గది. మా నాయిన గూడ గట్లనే అనేటోడు." కిలో మైలుతుత్తము, కిలో సున్నము, 100 లీటర్ల నీరు. కలిపిన ద్రవమున ఇనుపకత్తిని ముంచి, దానికి ఎఱ్ఱని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని తెలిసికొందురు. బూజు తెగులునకు ఇది మందు.

ఆ పేరు ఫ్రాన్సులోని ఒక నగరముదని చెప్పగా రైతు నవ్వెను. కథ విన్న తరువాత నవ్వలేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను సూక్ష్మకీటకము ఫ్రెంచి తోటల వేళ్లను తొలిచివేసెను. దానికి ఓర్చు అమెరికా తీగెలను తెప్పింపగా, వానితో బూజు తెగులు కూడ వచ్చెను. 1882లో మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు బోర్డో సమీపమున సెంజూలియఁ గ్రామపు తోటలో ఒక వింత చూచెను. దారిన పోవువారు పండ్లు కోయకుండుటకై బాటప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లియుండిరి. ఆ తీగెలకే తెగులు సోకలేదు! దొంగలను బెదరించుటకు చల్లినది తోటలను రక్షించు మందాయెను. మిలార్డే పరీక్షలు చేసి 1885లో దానిని లోకమునకు వెల్లడించెను. అదియే మేడ్చల్ పీపాలోనికి వచ్చినది.

బోర్డోకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున సెంతెమిలియోఁ అను చిన్న ఊరు కలదు. జనసంఖ్య రెండువేలకు లోపే. 1199లో ఇంగ్లండు రాజు జాన్ ఇచ్చిన శాసనముతో ఆ ఊరి పెద్దల సభకు అధికారము లభించెను. ఆ సభ మద్యమును పరీక్షించి పీపాలపై ఊరి ముద్ర వేయుచుండెను. ఫ్రెంచి విప్లవముతో పోయిన ఆ సభను 1948లో పునరుద్ధరించిరి. ఏ ఊరి పంటకు ఆ ఊరి పేరే చెల్లవలెనను శాసనము ఫ్రాన్సున 1935లో వచ్చెను. మఱుసటి యేడే సెంతెమిలియోఁ పేరునకు ఆ రక్షణ లభించెను. 1999లో యునెస్కో ఆ తోటలను ప్రపంచ వారసత్వమున చేర్చెను. కౌటిల్యుడు చెప్పిన మాటనే వారు చట్టముగా చేసికొనిరి. మద్యపానముచే కూలిన కాపురములను చూచినవారము గనుక వారి పానీయము మనకు వలదు. వారి కాపుదల మాత్రము నేర్వదగినది.

మన కాపుదల యెట్లున్నది? 1999 తరువాత శామీర్‌పేట ప్రాంతమున జీనోమ్ వ్యాలీ పెరిగెను. వలయపు రహదారి వచ్చెను. 2016లో మేడ్చల్ పేరున జిల్లా ఏర్పడెను. ఇవన్నియు అభివృద్ధియే, కాదనరాదు. కాని భూగర్భజలము అడుగంటెను, కూలి పెరిగెను, అకాలవర్షములు పంటను చెడగొట్టెను, నేల వెల పండు వెలను వేయిరెట్లు మించెను. తోట పోయినచోట రాతికడీలు ఇండ్లస్థలములకు హద్దురాళ్లుగా నిలిచినవి.

బయలుదేరునప్పుడు రైతు నన్ను ప్రక్కకు పిలిచి యిట్లడిగెను: "మా పోరడు పట్నంల కొలువు చేస్తుండు. బోర్ల నీళ్లు లెవ్వు. పక్క చేన్లన్నీ పలాట్లయినయ్. అమ్మాల్నా, ఉంచాల్నా? చదువుకున్నోళ్లు మీరే చెప్పున్రి సారూ."

నేను చెప్పలేకపోతిని. నెలజీతము తెచ్చుకొనువాడు, అప్పు తెచ్చి బోరు వేయువానికి త్యాగమును ఉపదేశించుట ఉచితము కాదు. అతడు అమ్మినచో తప్పు అతనిది కాదు. అతని పండు తిని, అది ఏ ఊరిదని ఒక్కనాడును అడుగని మనది.

మన దేశమున భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో పుట్టి 2003లో అమలునకు వచ్చెను. నాసిక్ ద్రాక్షకు, బనగానపల్లె మామిడికి దానివలన గుర్తింపు లభించినది. చట్టము పేరును కాపాడగలదు. పేరును మొదట పలుకవలసినది మాత్రము కొనువారే. గృహిణులు బజారున "ఏ ఊరి ద్రాక్ష?" యని అడుగవచ్చును. పంటకాలమున పిల్లలతో తోటకే పోయి కొనవచ్చును. అట్లు కోసికొననిచ్చు తోటలు ఈ ప్రాంతమున ఇంకను కొన్ని కలవు. ఉపాధ్యాయులు ముసలిరైతుల అనుభవములను పిల్లలచే వ్రాయింపవచ్చును. ఇవి చిన్న పనులే. ఐనను, ఊరి పంటకు గౌరవము ఊరివారి నోటనే మొదలుకావలెను.

మా విద్యార్థులు ఆ రైతు చెప్పిన కత్తిరింపు పద్ధతిని నోటుపుస్తకములలో వ్రాసికొనిరి. వచ్చు మాఘమున ద్రాక్షాపాకము పాఠమునకు మరల అచ్చటికే పోవలెనని నా కోరిక. అప్పటికి ఆ పందిరి నిలిచియుండుగాక!