డెస్క్‌టాప్ అప్పుడప్పుడే ఆన్ అవుతోందా? లోపాన్ని గుర్తించడం ఇలా

పవర్ బటన్ నొక్కగానే ఒక రోజు ఆన్ అయ్యే డెస్క్‌టాప్ కంప్యూటర్, మరో రోజు ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. పూర్తిగా పాడైన యంత్రం కంటే ఇలా మొరాయించే యంత్రంలో లోపాన్ని పట్టుకోవడమే కష్టం. మరమ్మతు దుకాణంలో చక్కగా పనిచేసి, ఇంటికి తెచ్చాక మళ్లీ మొండికేయడం తరచూ జరిగేదే. అందువల్ల భాగాలను మార్చే ముందు, కంప్యూటర్ ఏ పరిస్థితుల్లో ఆన్ కావడం లేదో గమనించడం ముఖ్యం.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని మరొకటి ఉంది. యంత్రం ఈసారి ఆన్ అయిన వెంటనే ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. మళ్లీ ఆ అవకాశం ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

బటన్ నొక్కితే ఏం జరుగుతుంది?

గోడ స్విచ్ వేయగానే క్యాబినెట్‌లోని విద్యుత్ సరఫరా విభాగం (ఎస్‌ఎంపీఎస్) 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్‌ను మదర్‌బోర్డ్‌కు అందిస్తుంది. పవర్ బటన్ గుండా 230 వోల్టుల కరెంటు ప్రవహించదు. అది మదర్‌బోర్డ్‌పై ఉన్న రెండు పిన్‌లను క్షణకాలం కలుపుతుందంతే. ఆ సంకేతం అందుకున్న మదర్‌బోర్డ్, ఎస్‌ఎంపీఎస్‌ను పూర్తిస్థాయిలో పనిచేయమని ఆదేశిస్తుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలవుతాయి. అవి నిలకడగా ఉన్నాయని ఎస్‌ఎంపీఎస్ తెలిపిన తరువాతే ప్రాసెసర్ పని ప్రారంభిస్తుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె బలహీనపడినా యంత్రం ఒకసారి పనిచేసి మరోసారి ఆగిపోతుంది.

లక్షణాలు ఏం చెబుతాయి?

* దీపం, ఫ్యాన్ రెండూ పనిచేయకపోతే గోడ సాకెట్, పవర్ కేబుల్, బటన్, ఎస్‌ఎంపీఎస్‌లలో ఒకదాన్ని అనుమానించాలి.
* ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ సర్క్యూట్ ఉండవచ్చు. ప్రమాదాన్ని పసిగట్టి ఎస్‌ఎంపీఎస్ తనంతట తానే సరఫరా నిలిపివేస్తుంది.
* చల్లటి ఉదయం మొరాయించి, పలు ప్రయత్నాల తరువాత ఆన్ అయితే కెపాసిటర్లకు వయసు మీరినట్లు భావించవచ్చు. ఏళ్ల తరబడి వాడకంలో వాటిలోని ద్రవం ఎండి అంతర్గత నిరోధం పెరుగుతుంది. చలిలో అది మరింత ఎక్కువవుతుంది.
* క్యాబినెట్‌ను కదిపితే ఆన్ అవుతుంటే కనెక్షన్ వదులైందని అర్థం.
* ఫ్యాన్లు తిరుగుతూ తెరపై ఏమీ రాకపోతే అది వేరే సమస్య. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కేబుల్‌లను పరిశీలించాలి.

ఖర్చు లేని పరీక్షలే ముందు

మొదట యూపీఎస్, స్పైక్ బస్టర్‌లను పక్కనపెట్టి కంప్యూటర్‌ను నేరుగా మరో గోడ సాకెట్‌కు కలిపి చూడాలి. వేరే పవర్ కేబుల్ వాడాలి. క్యాబినెట్ తాకితే చేతికి జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

తరువాత బటన్ వంతు. మదర్‌బోర్డ్‌పై పవర్ స్విచ్ పిన్‌లకు రీసెట్ బటన్ తీగను అమర్చి కొన్ని రోజులు దానితోనే ఆన్ చేయాలి. సమస్య మాయమైతే లోపం పాత బటన్‌లోనే ఉన్నట్లు. దీనికి ఖర్చేమీ లేదు.

ఆపై మదర్‌బోర్డ్‌కు వెళ్లే 24 పిన్‌ల కనెక్టర్‌ను, ప్రాసెసర్‌కు చెందిన 4 లేదా 8 పిన్‌ల కనెక్టర్‌ను, ర్యామ్‌ను తీసి తిరిగి గట్టిగా అమర్చాలి. యూఎస్‌బీ పరికరాలన్నీ తొలగించి చూడాలి. వంగిన యూఎస్‌బీ పిన్ కూడా షార్ట్‌కు కారణం కాగలదు. మదర్‌బోర్డ్‌పై పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు కనిపిస్తే నిపుణుడికి చూపించాలి.

ఎస్‌ఎంపీఎస్‌ను తేల్చేదెలా?

12 వోల్టుల తీగపై 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల తీగపై 4.75 నుంచి 5.25 వరకు రీడింగ్ ఉండవచ్చు. అయితే మల్టీమీటర్‌లో అంకె సరిగా ఉన్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగుందని చెప్పలేం. ఆన్ అయ్యే క్షణంలో వోల్టేజీ పడిపోయినా సాధారణ మీటర్ దాన్ని చూపకపోవచ్చు. బాగా పనిచేస్తున్నట్లు తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్‌ను అమర్చి చూడటమే నమ్మదగిన పరీక్ష. దానితోనూ సమస్య కొనసాగితే అనుమానం మదర్‌బోర్డ్ వైపు మళ్లుతుంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

క్యాబినెట్ తెరిచే ముందు పవర్ కేబుల్ పూర్తిగా తీసి, బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపలి భాగాలను ముట్టుకునే ముందు క్యాబినెట్ లోహాన్ని తాకాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. అందులోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్ నిల్వ ఉంటుంది. ప్లగ్ తీసిన తరువాత కూడా అది ప్రాణాంతకం కావచ్చు. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనుక 115/230 వోల్టుల స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 వద్దే ఉండాలి.

ఒకేసారి ఒకే మార్పు

రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మార్పు చేశాక యంత్రం ఒకసారి ఆన్ అయినంత మాత్రాన లోపం తొలగినట్లు కాదు. మూడు రోజులకోసారి మొరాయించే కంప్యూటర్‌ను కనీసం రెండు వారాలు గమనించాకే నిర్ధారణకు రావాలి. తేదీ, సమయం, ఎన్ని ప్రయత్నాలకు ఆన్ అయింది, అప్పుడు దీపం, ఫ్యాన్ స్థితి ఏమిటన్నవి కాగితంపై రాసుకోవాలి. దుకాణంలో యంత్రం ఎలాంటి తడబాటూ లేకుండా ఆన్ అయినప్పుడు, లోపం ఎక్కడుందో వెతకడానికి టెక్నీషియన్‌కు దొరికే ఆధారం ఆ కాగితమే. బాగున్న మదర్‌బోర్డ్‌ను మార్పించే అనవసర ఖర్చును కూడా అది తప్పించగలదు.