టర్కీ ఉండలూ, ఓ గ్లాసు వైనూ

మొన్న శనివారం టర్కీ మీట్‌బాల్స్ చేశాను. మావారికి కొలెస్టరాల్ ఎక్కువుందని తెలిసినప్పటి నుంచి మటన్ బాగా తగ్గించేశాం. ఉండలు చుడుతుంటే అత్తయ్య పక్కన కూర్చుని, "మన కైమా ఉండలేగా ఇవి!" అన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఈయన వైన్ సీసా తెచ్చి బల్లమీద పెట్టగానే ఆవిడ ఏమీ అనకుండా కంచం పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. నాకు ముద్ద దిగలేదు.

అసలు ఈ వంట, ఈ సీసా ఒకే బల్లమీదకి ఎలా చేరాయి?

1880 నుంచి 1920 దాకా దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేద రైతులే. అక్కడ వాళ్ళకి మాంసం పండక్కో పబ్బానికో దొరికేది. అందుకే ఎండిపోయిన రొట్టెని నానబెట్టి, పిండి, మాంసంలో కలిపి చిన్న చిన్న ఉండలు చేసేవారు. కొంచెం మాంసంతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టడానికి ఇల్లాళ్ళు పడ్డ తంటా అది. మనం కైమాలో పుట్నాల పొడి కలపమూ? ఇక్కడికొచ్చాక కూలి డబ్బులతోనే మాంసం కొనగలిగారు. ఉండ పెద్దదైంది, స్పగెట్టీ మీదకెక్కింది.

వైన్ కూడా వాళ్ళకి విలాసం కాదు, రోజూ అన్నంతోపాటు మజ్జిగలాంటిది. 1920లో దేశమంతా మద్యనిషేధం వచ్చినా, ఇంటి అవసరానికి పళ్ళరసం ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు, చేసుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉండేది. కాలిఫోర్నియా ద్రాక్ష రైళ్ళలో న్యూయార్క్, షికాగో చేరేది. నేలమాళిగల్లో పీపాలు నిండేవి. 1933లో నిషేధం ఎత్తేసేదాకా ఇలాగే నడిచింది.

ఇక టర్కీ కోడి కథ ఇంకా తమాషా. దాని పుట్టిల్లు మెక్సికో. ఇంగ్లీషువాళ్ళు టర్కీ దేశం పేరు పెట్టారు. టర్కీవాళ్ళేమో దాన్ని 'హిందీ' అంటారు, అంటే మన దేశానిదని! మన దేశానికి అది వచ్చిందీ నిజమే. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి తెచ్చిన వింత జంతువుల్లో ఈ కోడిని చూసి జహంగీర్ ముచ్చటపడి, మన్సూర్ చేత బొమ్మ వేయించాడు.

ఇదంతా మర్నాడు కాఫీ తాగుతూ అత్తయ్యకి చెప్పాను. వైన్ ఆరోగ్యానికి మంచిదని మాత్రం చెప్పలేదు. డాక్టర్లు ఆ మాట అనడం లేదు, నేనూ అనను. "వాళ్ళకది ఇంటి అలవాటు అత్తయ్యా, మనకి కాదు. మీకు ఇబ్బందైతే తీయించేస్తాను" అన్నాను. ఆవిడ కాసేపాగి, "వాడు ఎంత తాగుతాడే?" అని అడిగారు. ఆవిడ బాధ సీసా గురించి కాదు, కొడుకు గురించి అని అప్పుడు గాని నాకు తట్టలేదు. "వారానికో గ్లాసు" అన్నాను. అది నిజమే.

నేను చేసే పద్ధతి: అరకిలో టర్కీ కైమా (ప్యాకెట్ మీద 93 శాతం లీన్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే కొవ్వు ఎక్కువ ఉండొచ్చు), గుప్పెడు ఓట్స్, ఒక గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు. నూనెలో వేయించకుండా ఓవెన్లో పెడతాను. ఉండ లోపల వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. తర్వాత టమాటా సాస్‌లో కాసేపు ఉడికిస్తాను. వైన్ తాగే అలవాటున్నవాళ్ళకి టమాటా పులుపుకి కియాంతి బాగా నప్పుతుంది. సాస్ లేకుండా తింటే పినో న్వార్ లాంటి తేలికపాటిది చాలు. ఘాటైన ఎర్రవైన్ పక్కన టర్కీ రుచి తెలియదు.

ఈ శనివారం అత్తయ్య మాతోపాటే బల్ల దగ్గర కూర్చున్నారు, మజ్జిగ గ్లాసుతో. "వచ్చేసారి ఓట్స్ బదులు పుట్నాల పొడి వెయ్యి" అన్నారు.