కోడాక్ అమ్మాయి, హోపీల వాన పూజ

1912లో కోడాక్ కంపెనీ వెస్ట్ పాకెట్ అనే చిన్న కెమెరా తెచ్చింది. మడిస్తే కోటు జేబులో పట్టేది. ఆ రోజుల్లో కోడాక్ ప్రకటనల బొమ్మల్లో చారల గౌను వేసుకున్న తెల్ల అమ్మాయి కెమెరా పట్టుకుని ఊళ్లు తిరుగుతుండేది. ప్రయాణమంటే ఫొటోలు తియ్యాల్సిందే అని జనానికి అలవాటు చేసింది ఆ బొమ్మలే. మరి ఎదుటివాళ్లు ఒప్పుకున్నారా? ఆ మాటే ఎత్తలేదు.

అమెరికాలో అరిజోనాలోని హోపి ఆదివాసులు వాన కోసం పాముల నృత్యం చేస్తారు. అప్పటికే చేతి కెమెరాలతో టూరిస్టులు అక్కడికి ఎగబడుతున్నారు. వాళ్లకది తమాషా, హోపీలకు పూజ. ఒళ్లు మండదా మరి! చివరికి హోపీలు ఫొటోలే వద్దన్నారు. ఇప్పటికీ వాళ్ల ఊళ్లలో తియ్యనివ్వరు.