రాణి బొమ్మ, కూలీ ఫొటో

మారిషస్ స్టాంపులు పోగేసేవాళ్లలో చాలామందికి డోడో పక్షి పిచ్చి. నాకు కొండల పిచ్చి. ఆబిడ్స్‌లో ఆదివారాలు పాత పుస్తకాల మధ్య ఏరినవి కొన్ని, ఆ దీవికి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిచ్చినవి కొన్ని, అన్నీ కలిపి పదేళ్లలో ఒక ఆల్బమ్ నిండింది. క్యూర్పిప్ ఊళ్లో చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు ట్రూ ఓ సెర్ఫ్, షామరెల్‌లోని ఏడు రంగుల మట్టి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ల మోర్న్ కొండ. నా కార్డుల్లో సగం ఈ మూడే.

జహీరాబాద్‌లో కూర్చుని ఆ దీవితో నీకేం పని అని ఇంట్లోవాళ్లే అడుగుతుంటారు. నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి రాయి, రెండోది చెరుకు.

మా ఊరి చుట్టూ ఎర్రమట్టి, కాస్త దూరం పోతే నల్లరేగడి. వీటి అడుగున ఉన్నది దక్కన్ లావా రాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఇంకా దక్షిణంగా ఉన్న మన నేల భూమిలోపలి ఒక వేడిచోటు మీదుగా జరుగుతుంటే, లావా పొంగి పరుచుకుంది. నేల ఉత్తరానికి జరిగిపోయింది, పొయ్యి మాత్రం ఆరలేదు. మాల్దీవులకు పునాది వేసిందీ, 80, 90 లక్షల ఏళ్ల కిందట మారిషస్‌ను సముద్రంలోంచి పైకి లేపిందీ, ఇప్పుడు దాని పక్కనున్న రియూనియన్‌లో మండుతున్నదీ ఆ పొయ్యేనని భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మాట. అంటే మా రాయికీ ఆ రాయికీ తల్లి ఒకతే.

చెరుకు సంగతి ఇంత అందంగా చెప్పలేను. మా దగ్గర సీజన్ వస్తే ఫ్యాక్టరీ దారంతా చెరుకు ట్రాక్టర్లే. కాబట్టి ఆకు చేతులు కోస్తుందని, కొట్టేవాడి నడుం ఏమవుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మారిషస్‌లో బానిసత్వం రద్దయ్యే వేళకు తోటలకు కొత్త చేతులు కావాల్సి వచ్చాయి. 1834 నుంచి మొదలుపెట్టి దాదాపు 4.5 లక్షల మంది భారతీయులను ఐదేళ్ల కాంట్రాక్టుల మీద ఓడలెక్కించారు. 1839 తుపానుకు కాకినాడ పక్కన కోరంగి రేవు చితికిపోయింది. నాలుగేళ్లకు, 1843లో, ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో ఆ దీవి చేరింది. అక్కడ తెలుగువాళ్లందరికీ కోరంగివాళ్లు అనే పేరు పడింది. ఊరు పాడైనా పేరు మాత్రం సముద్రం దాటింది.

ఇంకో నాలుగేళ్లకే, 1847 సెప్టెంబరులో, స్టాంపుల లోకమంతా కలవరించే ఆ రెండు స్టాంపులు వెలువడ్డాయి. జోసెఫ్ ఆస్మండ్ బర్నార్డ్ చెక్కిన రాణి విక్టోరియా తల, పక్కన ‘పోస్ట్ ఆఫీస్’ అనే మాట. నారింజ రంగుది ఒక పెన్నీ, నీలంది రెండు పెన్నీలు, ఒక్కోటి 500. బర్నార్డ్ ‘పోస్ట్ పెయిడ్’ అని చెక్కబోయి పొరపాటున అలా చెక్కాడని ఒక కథ ఉంది. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు, అయినా వేలంపాటల్లో ఆ కథకే గిరాకీ. గవర్నరు భార్య తన డాన్సు విందు ఆహ్వానాల మీద వీటిని అంటించిందన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. మిగిలినవాటిలో ఒక జతను 1993లో మారిషస్ సంస్థలు కలిసి దాదాపు 20 లక్షల డాలర్లకు కొని దేశానికి తెచ్చుకున్నాయి. పోర్ట్ లూయీలోని బ్లూ పెన్నీ మ్యూజియంలో వెలుతురుకు రంగు పోకుండా వాటి మీద దీపం కాసేపే వేస్తారు.

నాకు ఆసక్తి ఆ కాసేపటి మీద కాదు, ఆ రెండు పెన్నీల మీద. అప్పట్లో కూలీ జీతం నెలకు 5 రూపాయలు, అంటే 120 పెన్నీలు, రోజుకు 4. దీవిలోనే ఇంకో తోటకు ఉత్తరం వేయాలంటే సగం రోజు కూలి. పైగా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. డాన్సు విందుకు పిలవడానికి స్టాంపు సులువే. పక్క తోటలో ఉన్న తమ్ముడికి రాయాలంటే అక్షరం రావాలి, కాగితం కావాలి, ఆపైన ఈ సగం రోజు. ఆ స్టాంపులు రెండు అంటించిన ఉత్తరం ఒకటి బొంబాయి దాకా వచ్చింది. అది బైబిల్ సొసైటీ వాళ్లకు వచ్చింది. కోరంగి చేరిన ఉత్తరం ఏదీ స్టాంపుల కథల్లో నాకు కనిపించలేదు.

కూలీ ముఖం మాత్రం వేరే కాగితం మీద దొరుకుతుంది. కాంట్రాక్టు ముగించిన వాళ్లను ‘పాత వలసదారులు’ అనేవారు. 1867 చట్టం వచ్చాక వాళ్లు ఫొటో అంటించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. ఫొటో ఖర్చు కూలీదే. పోలీసు అడిగినప్పుడు చూపించలేకపోతే దేశదిమ్మరి కింద జైలు. రాణి బొమ్మ ఉన్న కాగితం దీవంతా తిరగడానికి, కూలీ బొమ్మ ఉన్న కాగితం అతను తిరగకుండా ఉండడానికి! స్టాంపుల కేటలాగుల్లో మొదటిదానికి పేజీలకు పేజీలు. రెండోదాని ఊసే లేదు, అది తపాలా కాగితం కాదు గనక. నియమం సరైనదే, కానీ ఆ సరైన నియమం వల్లే నా ఆల్బమ్ నిండా కొండలు, పక్షులు, రాణులు.

కూలీలు ఊరుకోలేదు. 1871లో ఆడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సాయంతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. టికెట్లు, ఫొటోలు, అరెస్టులు, అన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడు రాయల్ కమిషన్ వచ్చి విచారించింది. ఈ దీవి నుంచి వెళ్లిన కాగితాల్లో నేను అన్నిటికంటే విలువైనదని అనేది ఆ అర్జీని. దానికి వేలంపాట ఉండదు.

మా రాయి దగ్గరికి మళ్లీ వస్తాను. చెరుకు నాటాలంటే ముందు లావా రాళ్లు ఏరాలి. ఆ ఏరిన రాళ్లను తోటల మధ్య కుప్పలు పోశారు, ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని పిరమిడ్లలా ఒద్దికగా పేర్చి ఉంటాయి. నా దగ్గరున్న ఒక కార్డులో పీటర్ బోత్ కొండ ముందు చెరుకుతోట, తోటలో అలాంటి నల్లటి కుప్పలు మూడు. వెనకవైపు కొండ పేరు, ఎత్తు అచ్చేశారు.

ఆ రాళ్లు మోసినవాళ్ల మునిమనవలకు ఇవాళ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా వాళ్ల దేశంలో జరిగాయి. తాతల జాడ కావాలనుకున్నవాళ్లు మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళతారు. వలస రిజిస్టర్లు, ఫొటోలు అక్కడ భద్రంగా ఉన్నాయి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసిన పేర్లు అవి. అప్పలసామి, సింహాద్రి లాంటివి అక్కడ ఇంటిపేర్లయిపోయాయి. అందుకే వెతికేవాళ్లు పేరు కన్నా ముందు తాత నంబరు చెబుతారు.